ప్రతిభ, ఉపకారం, వేతనం

యోగ్యతను కొలవవచ్చునా అన్నది పాత ప్రశ్న. కొలిచిన తర్వాత, ఆ కొలతను బట్టి వొక పిల్లవాడి చదువుకు సాయం చేసి, పక్కవాడికి చేయకపోవడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. మన విద్యాధికులు యీ రెండింటినీ కలిపివేసి మాట్లాడుతూ వుంటారు. పేపరు ముందే బయటికి పొక్కిందా, కీలో తప్పులున్నాయా అన్న వాదాలతోనే పొద్దుపుచ్చుతాం. ఆ వాదాలు అనవసరమని నేననను. కాని ఏ లోపమూ లేకుండా పరీక్ష జరిగినప్పుడు కూడా మిగిలిపోయే అన్యాయం వొకటున్నది. దానిని గురించి ఆలోచించవలసి వుంది.

ఉపాధ్యాయులు ఎన్‌.ఎం.ఎం.ఎస్‌. అని పిలిచే జాతీయ ఉపకార వేతన పరీక్షనే తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన పథకమిది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్‌ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, తలిదండ్రుల ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు మించని పిల్లలు దీనిని రాస్తారు. బుద్ధిబలాన్ని పరీక్షించేవి 90, పాఠ్యాంశాలవి 90, వెరసి 180 ప్రశ్నలు. ఎంపికయినవారికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటరు రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు, అనగా నెలకు వెయ్యి. దేశం మొత్తానికి ఏటా లక్ష మంది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4,087, తెలంగాణకు 2,921.

నెలకు వెయ్యి రూపాయలేమిటని నవ్వేవారు కూలికి పోయే యింటి లెక్క తెలియనివారు. పత్తి తీతల కాలంలో ఆడపిల్లను బడి మాన్పించాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు ఆ వెయ్యి కూడా వొక వాదమవుతుంది. కనుకనే పరీక్ష రాసిన రోజు నుంచి జాబితా వచ్చేదాకా ఆ పిల్లలు అంతగా ఎదురుచూస్తారు. సాయంత్రాలు వుండిపోయి, పైసా తీసుకోకుండా చెప్పిన పంతుళ్లూ ఎదురుచూస్తారు.

దేనికోసం యీ ఎదురుచూపు? డబ్బు వస్తుందా రాదా అని మాత్రమే అయితే యింత బెంగ వుండదు. తమకు తెలివి వున్నదో లేదో ఆ జాబితా తేల్చి చెబుతుందని పదమూడేళ్ల పిల్లలు నమ్ముతారు. మనమే అట్లా నమ్మించాం. చిక్కంతా యిక్కడే వుంది.

యీ పథకంలో గీతలు రెండున్నాయి. మొదటిది పరీక్షకు ముందే గీసివుంటుంది: 40 శాతం మార్కులు, షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు 32. యీ గీత దాటినవారు అర్హులని ప్రభుత్వమే వొప్పుకున్నది. రెండవ గీతను మాత్రం ఎవరూ ముందుగా గీయరు. మార్కులన్నీ వచ్చిన తర్వాత పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, వాటా ఎక్కడ తీరిపోతే అక్కడ ఆపుతారు. అదే కటాఫ్‌. మొదటి గీత పిల్లవాణ్ణి గురించి చెబుతుంది. రెండవది ఖజానాను గురించి చెబుతుంది. దేశం లక్షకు బదులు రెండు లక్షలు కేటాయిస్తే, యివాళ తెలివి చాలలేదనుకుంటున్న పిల్లవాడు రేపు తెలివిగలవాడవుతాడు. వాడి మెదడులో యీలోగా ఏ మార్పూ వచ్చివుండదు. ఖజానా చెప్పిన మాటను పిల్లవాడు తన తీర్పుగా చదువుకుంటున్నాడు. రాజ్యానికి యింతకన్న సదుపాయం ఏముంటుంది? చాలనిది తన నిధి అయితే, చాలలేదన్న సిగ్గు పిల్లవాడిదవుతుంది.

యిది మన దేశంలోనే వున్న చోద్యం కాదు. అమెరికాలో 1955 నుంచి నేషనల్‌ మెరిట్‌ స్కాలర్‌షిప్‌ వున్నది. హైస్కూలు పిల్లలు పి.ఎస్‌.ఏ.టి. అనే వొకే పరీక్ష రాస్తారు. పదమూడు లక్షలకు పైగా రాస్తే సెమీఫైనలిస్టులయ్యేది సుమారు పదహారు వేలు. కాని గీత అన్ని రాష్ట్రాలకూ వొకటి కాదు. ఏ రాష్ట్రంలో ఎంతమంది హైస్కూలు ముగిస్తున్నారో ఆ నిష్పత్తిలో స్థానాలు పంచుతారు. 228కి లెక్కగట్టే ఆ అంకెలో న్యూజెర్సీ గీతకూ, వెస్ట్‌ వర్జీనియా గీతకూ పది పాయింట్లకు పైబడి తేడా వుంటుంది. న్యూజెర్సీలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు యీ అంకెల కోసమే కాచుకుని కూర్చుంటారు. నది దాటి వేరే రాష్ట్రంలో వుంటే నెగ్గేవాళ్లమని వాపోతారు కూడా. కాని వెస్ట్‌ వర్జీనియా పిల్లవాడికి ప్రతిభ లేదని ఎవరూ వూరేగింపు తీయరు. అదే మన దేశంలో, అంతకంటె బలమైన చారిత్రక కారణంతో గీతను కొంచెం దించితే, 1990లో ప్రతిభ చచ్చిపోయిందని వీధుల్లో ఏడ్చారు. భూగోళాన్ని బట్టి గీత మారితే న్యాయం, కులాన్ని బట్టి మారితే అన్యాయమట!

అసలు ప్రతిభ అన్న మాట మనకు కొత్తది కాదు. కావ్యానికి హేతువేమిటని ఆలంకారికులు శతాబ్దాల తరబడి చర్చించారు. శక్తి, నిపుణత, అభ్యాసం, యీ మూడూ కలిస్తేనే కావ్యమన్నాడు మమ్మటుడు. సహజ ప్రతిభ లేకపోయినా చదువుతోనూ సాధనతోనూ వాక్కును సేవించినవాడికి ఆమె అనుగ్రహం దొరుకుతుందన్నాడు దండి. ఆ పండితులు కూడా శక్తిని సాధన నుంచి విడదీసి తూచడానికి పూనుకోలేదు. మనం నూట ఎనభై గడులలో తూచి, వొక్క గడి తేడాతో వొకణ్ణి ప్రతిభావంతుడనీ మరొకణ్ణి కాదనీ అంటున్నాం. పైగా దానికిచ్చే సొమ్ముకు పెట్టిన పేరు చూడండి: ఉపకార వేతనం. వేతనమయితే అది హక్కు. ఉపకారమయితే అది దయ. రెండింటినీ వొకే సమాసంలో కట్టివేసిన గుమాస్తా ఎవరో గాని, మన వ్యవస్థ స్వభావాన్ని బాగా ఎరిగినవాడు!

అందరికీ వొకే ప్రశ్నపత్రం యిచ్చినప్పుడు అన్యాయమెక్కడిదని అడుగుతారు. గోథా కార్యక్రమం మీద 1875లో రాసిన విమర్శలో మార్క్సు యీ అడ్డుప్రశ్ననే ఎదుర్కొన్నాడు. బలం, కుటుంబ భారం వేరువేరుగా వున్న మనుషులను వొకే కొలబద్దతో కొలిస్తే, ఆ సమానత్వంలోనే అసమానత దాగివుంటుందని చూపాడు. అయితే కొలబద్దను విరిచి పారేయమని ఆయన అనలేదు. కొత్త సమాజపు తొలిదశలో అది తప్పదన్నాడు. మనవాళ్లలో కొందరు మరచిపోయే సంగతి యిది. సిఫారసూ, కులమూ, కరణంగారి ఉత్తరమూ ఏలిన చోటికి పేరు కనిపించని జవాబుపత్రం రావడం చిన్న విషయం కాదు. శస్త్రవైద్యుణ్ణి ఎన్నుకోవడానికి పరీక్ష కావలసిందే. అక్కడ రోగి ప్రాణం వున్నది. కాని ఎనిమిదో తరగతి పిల్లవాడు తొమ్మిదిలోకి పోవడానికి ఎవరి ప్రాణానికి ముప్పు?

యీ పథకం ఉద్దేశమేమిటో ప్రభుత్వమే రాసుకున్నది: ఎనిమిదితో బడి మానేసే పేద పిల్లలను నిలపడం. మానేసే ప్రమాదం ఎవరికి ఎక్కువ? పేద పిల్లలందరికీ వున్నదనేది నిజమే. కాని చదువులో వెనకబడి, మేష్టారి కంట పడక, చివరి బెంచీలో కూర్చున్నవాడికి యింకా ఎక్కువ. జబ్బు తగ్గించడానికి మందు తెప్పించి, రోగులలో కాస్త ఆరోగ్యంగా వున్నవారిని వెదికి పోస్తున్నాం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటరు ఫలితాలు వచ్చినప్పుడు, తెలుగులో సున్నా వచ్చిన వొక విద్యార్థినికి తిరిగి చూస్తే 99 వున్నాయి. ఆ ఫలితాల తర్వాత పలువురు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తప్పుడు అంకెలు వేసినవారి మీద లేచిన ఆగ్రహం న్యాయమయినదే. కాని సరయిన అంకె మీద కూడా అంత నమ్మకం వుంచరాదని ఆనాడు చెప్పినవారు అరుదు.

నెగ్గినవారికి జరిగే హాని మాటేమిటి? మైకేల్‌ యంగ్‌ 1958లో ప్రతిభావంతుల పాలనను వ్యంగ్యంగా వర్ణిస్తూ వొక పుస్తకం రాస్తే, లోకం ఆ వ్యంగ్యాన్నే ఆదర్శంగా పట్టుకున్నది. మన బడులలోనూ యిదే జరుగుతున్నది. తన పక్కన కూర్చుని, తన సంచీలోంచే పెన్సిలు తీసుకుని, వొక్క మార్కు తక్కువ తెచ్చుకున్న స్నేహితుణ్ణి నెగ్గిన పిల్లవాడు యికమీదట వేరే జాతివాడిగా చూడటం నేర్చుకుంటాడు. వాడికి వచ్చిన వెయ్యి రూపాయలను నేను తప్పుపట్టను. ఆ వెయ్యితో పాటు మనం అంటగడుతున్న పాఠాన్ని తప్పుపడుతున్నాను.

మొదటి గీత దాటి రెండవ గీత దగ్గర ఆగిపోయిన పిల్లల పేర్లు ఎంపిక జాబితాలో వుండవు. ప్రభుత్వం లెక్క ప్రకారం వారందరూ అర్హులే. ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు జిల్లా విద్యాధికారిని అడగవలసింది వారి సంఖ్య. దానిని పన్నెండు వేలతో హెచ్చవేస్తే, ఏడాదికి ఎంత సొమ్ము తక్కువపడిందో తెలుస్తుంది.