కత్తి పట్టిన చేతికి శాంతి కావాలి



మన విచారణలలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయమ్మలు ఉన్న కుటుంబాలు అనేకం. మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో 2022లోను, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాదులలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మన బిడ్డలు ఇంకా ఎందరో ఆపరేషన్ థియేటర్లలో అడుగుపెడతారు. అక్కడ కొందరు మౌనంగా భరించే ఒక బాధను గూర్చి ఈ వారం ధ్యానిద్దాం.

రోగి బంధువులు డాక్టరుపై చేయిచేసుకుంటే అది వార్త అవుతుంది. దానిని అరికట్టడానికి మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. కాని థియేటరు తలుపులు మూసుకున్నాక, కలిసి పనిచేసేవారే ఒకరినొకరు గాయపరచుకుంటే ఎవరికి తెలుస్తుంది? అందరి ముందు నర్సును తిట్టడం, కోపంతో పరికరాన్ని విసిరికొట్టడం, జూనియరును హేళన చేయడం - రక్తం కారదు కాబట్టి ఇది హింస కాదనుకుంటాం. ప్రభువు అలా అనుకోలేదు. సోదరుని చంపినవాడే కాదు, కోపించి అవమానించినవాడు కూడా తీర్పుకు గురవుతాడని బోధించారు (మత్తయి 5:21-22).

మన ప్రాంతపు రోగులు పెద్ద జబ్బు వస్తే వెళ్లే వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో, 2023 ఫిబ్రవరి 22న మత్తువైద్యం చదువుతున్న ఒక పీజీ విద్యార్థిని అపస్మారక స్థితిలో కనిపించింది. 26న హైదరాబాదు నిమ్స్‌లో కన్నుమూసింది. సీనియర్ వేధించాడని తల్లిదండ్రులు ఆరోపించారు, పోలీసులు అతణ్ణి అరెస్టు చేశారు. నేరాన్ని తేల్చవలసింది న్యాయస్థానం. కాని ఆ తల్లి కన్నీరు మనలను ఒక ప్రశ్న అడుగుతుంది: ప్రాణం పోసేచోట పనిచేసేవారి ప్రాణానికి కాపలా ఎవరు?

ఇది ఉద్యోగుల గొడవ మాత్రమే కాదు, బల్లమీద పడుకున్న రోగి గొడవ కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకు ఒక తనిఖీ పట్టిక ఇచ్చింది. కోత పెట్టేముందు అందరూ తమ పేరు, పని చెప్పుకోవాలి, అనుమానమున్నవారు నోరు తెరవాలి. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రులలో దీనిని పాటించగా, వెయ్యిమందికి 15గా ఉన్న మరణాలు 8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. తిట్లకు భయపడిన నర్సు దూది లెక్క తప్పిందని ఎలా చెప్పగలదు? కన్ను చేతితో నీ అవసరం లేదనజాలదని పౌలుగారు చెప్పిన శరీరం (1 కొరింథీ 12) థియేటరులోనూ ఉంది.

పొరపాటును సరిదిద్దడం వేరు, మనిషిని నలగగొట్టడం వేరు. మొదటిది బాధ్యత, రెండవది పాపం. పని ఒత్తిడి కోపానికి కారణం కావచ్చు, అనుమతిపత్రం కాదు.

కోపిష్ఠి మారలేడా? పునీత కమిల్లస్ జీవితం చూడండి. 1550లో జన్మించిన ఈ ఇటలీ సైనికుణ్ణి, జూదం, కొట్లాటల మూలాన రోమునగరంలోని సాన్ జాకొమొ ఆసుపత్రి పనిలోనుండి తీసివేశారు. 1575లో మనసు మార్చుకొని, తరువాత అదే ఆసుపత్రికి పర్యవేక్షకుడయ్యాడు. రోగుల సేవకై ఒక సభనే స్థాపించాడు. 1886లో 13వ లియో పాపుగారు ఆయనను రోగులకు, ఆసుపత్రులకు పాలకునిగా ప్రకటించారు.

మరి దెబ్బతిన్నవారు? క్షమించడమంటే నోరు మూసుకోవడం కాదు. ప్రధానార్చకుని యెదుట బంటు చెంపపై కొట్టినపుడు ప్రభువు తిరిగి కొట్టలేదు, ఊరకుండనూ లేదు. తనను ఎందుకు కొట్టావని నిలదీశారు (యోహాను 18:22-23). కనుక బాధితులు జరిగినది తేదీతో రాసిపెట్టుకోండి, పై అధికారికి లిఖితంగా తెలపండి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. చూచినవారు సాక్ష్యం చెప్పండి. తల్లిదండ్రులారా, డ్యూటీ నుండి బిడ్డ మౌనంగా వస్తే "ఉద్యోగమన్నాక సర్దుకుపోవాలి" అనకండి, కూర్చోబెట్టి వినండి. పెద్ద హోదాలో ఉన్నవారు ఈ ఆదివారం దివ్యబలిపూజకు రాకముందే తాము నొప్పించినవారితో సమాధానపడండి.

శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు, మన ఆసుపత్రులలో పనిచేసే ప్రతి చేతిని, ప్రతి నాలుకను పవిత్రపరచునుగాక. ఆమెన్.