సవరల గురువు



నూరేండ్లు జీవింపగోరుట దోషము కాదు. ఈశావాస్యోపనిషత్తు ఆ కోరికను నిషేధింపలేదు. కర్మల నాచరించుచునే జీవింపగోరవలెనని మాత్రము నియమించినది. ఉద్యోగవిరమణానంతరము మనలో పెక్కుమంది నియమమును మరచి ఆయువును మాత్రము కోరుదుము. నేనును కొంతకాలమట్లే కాలము గడపితిని. ఆ తరుణమున నా మనస్సునకు గోచరించిన మహనీయుడు శ్రీ గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు.

ఈ నామము నా లేఖినినుండి వెలువడుట చూచి నా సహాధ్యాయులు నవ్వుదురు కాబోలు! మా పాఠశాలలో వారి ప్రసక్తి వచ్చినచో గురువుగారు ముఖము చిట్లించెడివారు. గ్రాంథికముపై వారు సాగించిన యుద్ధము మాకు జీర్ణము కాలేదు. నేటికిని నేను వ్రాయుచున్నది ఆ గ్రాంథికమే. కాని వాదము వేరు, జీవితము వేరు.

వారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రప్రాంతమున పర్వతాలపేటలో జన్మించిరి. ముఖలింగేశ్వరుని యాలయమందలి శాసనములను స్వయంకృషిచే చదువనేర్చిరి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. సమీపపు కొండలలో సవరలు నివసించుచుండిరి. వారి భాషకు లిపి లేదు, వారి బిడ్డలకు బడి లేదు. పంతులుగారు తెలుగు తెలిసిన సవర నొకని తమ యింట నుంచుకొని ఆ భాష నేర్చిరి. ఆ కాలమున ఒక బ్రాహ్మణగృహస్థునకిది సామాన్యసాహసము కాదు. స్వధనముతో సవరబాలురకు బడులు పెట్టించిరి. కొండలలో తిరుగగా చలిజ్వరము సోకెను. దానికై సేవించిన క్వినైనావలన చెవుడు సంభవించెను. ఒక జాతి పలుకులను వినుటకై వెడలినవాని చెవులే పోయినవి!

1911లో ఉద్యోగము విరమించునాటికి వారికి 48 యేండ్లు. తరువాత 29 యేండ్లు జీవించిరి. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. నిఘంటువు అచ్చగునాటికి వారు 75వ యేట నుండిరి. 1940 జనవరి 22న పరమపదించిరి.

పురాణములందలి శబరులే నేటి సవరలని పెద్దలందురు. పూరీ జగన్నాథుని ముందుగా నీలమాధవునిగా నర్చించినవాడు విశ్వావసువను శబరుడేనని క్షేత్రగాథ. శబరి కథ యెల్లరకును తెలిసినదే. ఎంగిలిపండ్ల వృత్తాంతము వాల్మీకమున లేదు గాని, అంతకంటె మధురమైన ఘట్టమొకటి కలదు. శ్రీరామచంద్రుడు ఆమె యిచ్చిన ఆతిథ్యమును గ్రహించి, ‘నీ తపస్సు నిర్విఘ్నముగా సాగుచున్నదా? నీ గురుశుశ్రూష ఫలించినదా?’ యను భావముతో కుశలమడిగెను. వనవాసిని యగు వృద్ధ మాట్లాడుచుండగా కోసలరాజకుమారుడు వినెను. ఆయన యుపదేశించుటకు తొందరపడలేదు.

నలుబది యేండ్లు పాఠములు చెప్పిన నేను ఎందరిని వింటిని? సుమారు ముప్పది యేండ్లక్రిందట కొండయూరి బాలుడొకడు నా తరగతిలో చేరెను. ఒత్తక్షరములు వానికి పలుకవు. ‘ధర్మము’ అను పదమును తరగతి యెదుట వానిచేత పదిమారులు పలికించితిని. పిల్లలు నవ్విరి, నేనును నవ్వితిని. మరునాడు వాడు రాలేదు. ఏమయ్యెనని నేను విచారింపనైనను లేదు. పంతులుగారి చరిత్ర చదువునపుడెల్ల ఆ బాలుని ముఖమే కన్నులయెదుట నిలుచును. పేరు మాత్రము జ్ఞప్తికి రాదు.

గత కార్తికమాసమునుండి మా గ్రామదేవాలయ మండపమున సాయంకాలము పిల్లలకు చదువు చెప్పుచున్నాను. కూలికై కొండ దిగివచ్చినవారి బిడ్డలు నలుగురు వచ్చుచున్నారు. మొన్న ఒక బాలికను, ‘అమ్మా, మీ యింట నీళ్లను ఏమందురు?’ అని యడిగితిని. చెప్పినది. నేను పలికితిని, సరిగా రాలేదు. పిల్లలందరును ఫక్కున నవ్విరి. ఆమె మాత్రము నవ్వక, నా వైపు చూచుచు, మరల మెల్లగా చెప్పినది.