చిన్న సుఖములు – పెద్ద నోము

సూర్యభగవానుడు ధనూరాశిలో ప్రవేశించినది మొదలు మకర సంక్రమణము వరకు గల కాలమునకు ధనుర్మాసమని పేరు. ఇది సాధారణముగా డిసెంబరు 16వ తేదీ ప్రాంతమున ఆరంభమై సంక్రాంతితో ముగియును. గీత పదవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను వివరించుచు, మాసములలో మార్గశీర్షము తానేయని సెలవిచ్చెను. తిరుమలలో ఈ నెల దినములు సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై వినవచ్చును. మన పల్లెలలో వాకిళ్ల ముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు, నెత్తిపై అక్షయపాత్రతో వచ్చు హరిదాసు ఈ నెలకు ఆనవాళ్లు.

ఈ నెలలోని సుఖములు చిన్నవి. కాని మిక్కిలి మధురములు. చన్నీటి స్నానము ముగిసిన పిమ్మట పొడి వస్త్రము ఒంటికి తగిలినప్పటి హాయి, చీకటి విడకమునుపే వినవచ్చు గుడి గంట, దొప్పలో వేడి పొగలు గ్రక్కు కట్టెపొంగలి, అందు పంటికి తగిలిన ఒక్క మిరియపు గింజ – వీనిని తలచిన మాత్రమున ఈ వయస్సునను నోరూరును. ఐనచో ఒక సందేహము. వ్రతమనగా విడుచుట కదా! ఇట్టి చిన్న సుఖములు వ్రతమునకు భంగములా, అంగములా?

సుఖమన్నది ఎంత చిన్నదైనను సంకెలయే, బంగారు సంకెలయైనను సంకెల సంకెలయే యని కొందఱందురు. రుచిని సృష్టించినవాడును, నాలుకను సృష్టించినవాడును భగవంతుడే. ఆయన యిచ్చినదానిని త్రోసివేయుట యేమి భక్తియని మఱికొందఱందురు. ఉభయ పక్షములకును శాస్త్రమున ఆధారములు దొరకకపోవు. ఈ విషయమున పుస్తకముల వలన తేలనిది, గత ధనుర్మాసమున మా యింటి వంటగదిలో నాకు కొంత తేటపడినది. సిగ్గుపడవలసిన సంగతియే యైనను, పాఠకుల మేలు కోరి చెప్పుచున్నాను.

నాకు ప్రాతఃకాలమున కాఫీ త్రాగు అలవాటు కలదు. పాఠశాలలో చదువుకొన్న దినములలో మాకు చద్దియన్నమే గాని కాఫీ యెఱుగము. ఉద్యోగమున ప్రవేశించిన తరువాత పట్టుకొన్న ఈ అలవాటు నేటికిని విడువలేదు. గత సంవత్సరము, ఈ ముప్పది దినములు దానిని మానుదమని సంకల్పించుకొంటిని. మొదటి మూడు నాళ్లు తలనొప్పి బాధించెను. అయిదవ నాటికి అది తగ్గెను. తలనొప్పి తగ్గినంతనే దాని స్థానమున మఱియొకటి వచ్చి కూర్చుండెను. అది అహంకారము. గుడిలో గోష్ఠి ముగియగానే ఎవరో ఒకరితో నా కాఫీ ప్రస్తావన తెచ్చుచుంటిని.

మా కోడలు ఉద్యోగస్థురాలు. ఈ నెల పొడుగునను ఆమె తెల్లవారుజామున నాలుగింటికే లేచి, స్నానము చేసి, తిరువారాధనమునకు తళిగ సిద్ధపఱచి, పిల్లలను బడికి పంపి, ఆ పిమ్మట కార్యాలయమునకు పోవును. తొమ్మిదవ నాటి యుదయమున, ఆరగింపు ముగిసిన తరువాత, ఆమె వంటగదిలో నిలువుకాళ్లమీద అరగ్లాసు కాఫీ త్రాగుచుండగా ఆ సువాసన నా ముక్కునకు సోకెను. వెంటనే నా నోట, “ఇంట్లో నోము జరుగుతూ ఉంటే ఈ కాఫీ ఏమిటమ్మా?” అను మాట వెడలెను. ఆమె మాఱు పలుకలేదు. గ్లాసులో మిగిలినదానిని పాఱబోసి పనిలో పడెను. నేను అంతటితో ఊరకుంటినా? ఆ సాయంకాలము గుడి అరుగుమీద, ఈ కాలపు ఆడపిల్లలకు నియమములు తెలియవని ఒక మిత్రునితో అంటిని.

మఱునాడు తిరుప్పావై అనుసంధించుచుండగా రెండవ పాశురమున నా గొంతు ఆగినది. చిన్ననాటి నుండి ఏటేట చదివిన పాశురమే. గోపికలు తాము మానవలసినవానిని అందు లెక్కించిరి. నేయి, పాలు, కాటుక, పూలు ఆ పట్టికలోనివి. వాని సరసనే ఇంకొకటి కలదు. ఒకరిని గూర్చి చెడుమాటను మఱియొకరి కడకు మోయకుండుట! అంతేకాదు, తమకు చేతనైనంత దానము చేయుటయు ఆ నియమములలోనిదే. పాలు, నేయి నాలుక రుచికి సంబంధించినవి; కొండెము నాలుక పలుకునకు సంబంధించినది. నాలుకకు రెండు వృత్తులు గలవు గనుక గోదాదేవి రెంటికిని కట్టడి చేసినది. నేను సులభమైన దానిని పట్టుకొని, కష్టమైన దానిని గాలికి వదలితిని.

విచారించినకొలది నా తప్పు మఱింత విస్తరించెను. కర్మేంద్రియములను బిగబట్టి మనస్సుతో విషయములనే తలచుచుండువానిని గీత మూడవ అధ్యాయము మిథ్యాచారుడని పిలిచినది. కాఫీ త్రాగునప్పుడు దానిని దినమునకు పావుగంట సేపు తలచువాడను. మానిన తరువాత దినమంతయు తలచుచుంటిని. విషయములు తొలగినను వానియందలి రుచి తొలగదని, పరమాత్మ దర్శనముననే అదియు తొలగునని రెండవ అధ్యాయము చెప్పనే చెప్పినది. పదునేడవ అధ్యాయమున వాక్తపస్సు వివరింపబడినది. ఇతరులకు ఉద్వేగము కలిగింపని మాట, సత్యమును, ప్రియమును, హితమును ఐన మాట తపస్సని దాని భావము. నా మాట ఒక అలసిన బిడ్డకు ఉద్వేగము కలిగించినది. మఱి నేనెక్కడి తపస్విని?

ఇంకొక సంగతి. నేను ఆనందించుచున్న ఆ వేడిపొంగలి ఎవరి చలిలో నుండి వచ్చినది? నా చిన్న సుఖమునకు వెనుక ఆమె పెద్ద శ్రమ కలదు. ఆమె చిన్న సుఖమును మాత్రము నేను ఓర్వలేకపోతిని. ఇతరుల శ్రమఫలమును ప్రసాదమని స్వీకరించుచు, ఆ శ్రమపడినవారి అరగ్లాసు కాఫీని దోషమని యెంచుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు. నియమము తనకొఱకు గ్రహింపదగినది. పరులను కొలుచుటకు కొలబద్ద కాదు.

ఆనాడే కోడలిని పిలిచి, “అమ్మా, నిన్న నేను అనరాని మాట అన్నాను” అంటిని. “పోనివ్వండి మామయ్యగారూ” అని ఆమె నవ్వినది. అది సులభముగనే జరిగినది. అరుగుమీద మోసిన మాటను మరల అదే అరుగుమీద దింపుట మాత్రము సులభము కాలేదు. పదిమందిలో నియమవంతుడనని పేరు తెచ్చుకొన్నవాడు తన తప్పును తానే చెప్పుకొనవలెను గదా! నేడు, రేపు అనుచు వాయిదా వేసితిని. కాఫీ లేకుండుట అలవాటైపోయినను, ఈ పని అలవాటు కాలేదు. చివరకు ఇరువదియేడవ నాటి ఉదయమున, గోష్ఠి ముగిసిన పిదప, ఆ మిత్రునితో నిజము చెప్పితిని. ఆయన తల పంకించి ఊరకుండెను. నా గుండె తేలికపడినది.

ఆ ఇరువదియేడవ దినమే కూడారై. రెండవ పాశురమున విడిచినవి ఇరువదియేడవ పాశురమున తిరిగి వచ్చును. నగలు వచ్చును, క్రొత్త వస్త్రములు వచ్చును, మోచేతి వరకు నేయి జాఱునంత క్షీరాన్నము వచ్చును. సుఖము పాపమే యైనచో, నోము ఫలముగా దానిని గోదాదేవి ఏల అడుగును? ఆ తల్లి స్వామి కొఱకు కట్టిన మాలను ముందు తాను ధరించి అద్దమువంటి బావినీటిలో చూచుకొన్నది. స్వామి ఆ మాలనే కోరెను. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ యను పేరునకు ఆ కథయే మూలము. కావున విడువవలసినది సుఖమును కాదు; సుఖమున ‘నాకు మాత్రమే’ యను భావమును. విడుచునప్పుడు గోపికలు కలసియే విడిచిరి. అనుభవించునప్పుడును కలసియే కూర్చుండిరి. ఆ కలయికయే నోమునకు ప్రాణము.

వడ్డించువారు చివర భుజించుట మా యింటి వాడుక. కూడారై నాడు సెలవు గనుక, ఆమెను అందఱితో పంక్తిలో కూర్చుండబెట్టి, నేయి గిన్నె నేను పట్టుకొని వడ్డించితిని. వడ్డించుట చేతగాక కొంత నేయి నేలపాలైనది. పిల్లలు నవ్విరి. పదిలముగ చేసిన తిరువారాధనములలో కూడ నాకు అంతటి తృప్తి కలిగిన దినములు అరుదు.

సంక్రాంతి తరువాత కాఫీ మరల మొదలుపెట్టితిని. ఐనను ఒక్క మార్పు చేసికొంటిని. నా గ్లాసు వచ్చినప్పుడు, “నీకు పోసుకున్నావా అమ్మా?” అని అడిగి, ఆమె కూర్చున్న పిదపనే పెదవికి తాకింతును. ముప్పది దినముల నోము నాకు మిగిల్చిన నియమము ఇంతియే. ఇది ఏడాది పొడుగునను ఆచరింపదగినది.

వచ్చు ధనుర్మాసమున ఏమి మానవలెనని యోచించు గృహస్థులు, తమ నాలుక రుచిని విచారించుటతోపాటు దాని పలుకునుగూడ విచారింతురుగాక. గోదాదేవి కటాక్షము సర్వులకును సిద్ధించుగాక.