ఓడబొమ్మ క్రింది పేరు

మా వినుకొండకు సముద్రము చేరువ కాదు. ఊరికి కొండ యున్నది. కొండపై రామలింగేశ్వరుని గుడి యున్నది. సీతాపహరణవార్తను శ్రీరాముడు విన్న చోటగుటచే ఈ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. చుట్టును ప్రత్తిచేలు, మిరపకల్లములు. అట్టి యూరిలో, నా యింటి ముందుగదిలో, గాజుపెట్టెయందు ఒక ఓడ యున్నది. అది కొయ్యతోను, రేకుతోను, నూలుతోను చేసిన ప్రతిమ. నూరడుగుల ఓడ ఒక అడుగగునట్లు ప్రమాణము పెట్టుకొని, పటములను ఛాయాచిత్రములను ముందుంచుకొని, ఉద్యోగవిరమణానంతరము నాలుగేండ్లు దానిని చేసితిని. ఆ నాలుగేండ్లలో నేను నేర్చుకొన్నది కొంతయు, అవి గడచిన పిమ్మట ఒక్క క్షణములో నేర్చుకొన్నది కొంతయు పాఠకులతో చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

గుంటూరులో మిరపకాయలమ్మి తిరిగివచ్చుచు మా యింట దిగిన బంధువొకడు దానిని చాలసేపు చూచి, "బావా, నీళ్ళలో వేస్తే ఇది తేలుతుందా?" అని యడిగెను. లోపల బరువు అమర్చలేదు గనుక ఒరిగిపోవునంటిని. "మరి దేనికి?" అనెను. అతని ప్రశ్నలో ఎగతాళి లేదు. సంవత్సరమంతయు కష్టపడి పండించినదానిని తూకము వేసి ధర కట్టుట చూచి వచ్చినవాడు, నాలుగేండ్ల కష్టమునకు తూకమేదని యడుగుట సహజమే. అందుచేత దానికి సరియైన సమాధానమీయవలసిన బాధ్యత నాపై నున్నదని తోచినది.

ఓడప్రతిమలకు ప్రయోజనమే లేదనుట పొరపాటు. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండునందు నావికాదళపు ఓడలకు నలువదియెనిమిదింట నొకటవ వంతు ప్రమాణమున ప్రతిమలు చేయు వాడుక యుండెను. లోని పక్కటెముకలు కనబడునట్లు క్రిందిభాగమున పలకలు వేయక విడిచెడివారు. 1872లో విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు టార్కీ పట్టణమున పొడవైన నీటితొట్టి కట్టించి, చిన్న ప్రతిమలను లాగించి చూచి, పెద్ద ఓడకు నీరు చేయు ప్రతిఘటనమును ముందుగా లెక్కకట్టు మార్గమును స్థిరపరచెను. పొడవు నూరవవంతైనపుడు వేగము నూరవవంతు గాక పదియవవంతు ఉండవలెనని ఆయన సూత్రము. ఇట్లే బరువునకు వేరొక లెక్క. పొడవు, వెడల్పు, లోతు మూడును నూరవవంతు తగ్గినచో బరువు పదిలక్షలలో నొకవంతగును. ఎనిమిదివేల టన్నుల భారము ఆ లెక్కను ఎనిమిది కిలోలై మన వంటింటి బియ్యపుడబ్బాలో నిముడును. చిన్నదానిని చూచి పెద్దదానిని తెలిసికొనుటయందు ఇంత వివేకము కావలెను.

కాని నా ప్రతిమ ఏ తొట్టిలోను పరీక్షకు నిలువలేదు. ఆ గౌరవమును దానికి తగిలించుట నిజము కాదు. నేను చేసినది ఇదివరకే కట్టిన ఓడకు ప్రతిమ. దాని పేరు జలఉష.

ఆ పేరు మన పెద్దలకు సుపరిచితము. 1941 జూన్ 21వ తేదీన విశాఖపట్టణమున సింధియా ఓడల కంపెనీవారి నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. ఆ యత్నమునకు నాయకుడు వాల్‌చంద్ హీరాచంద్‌గారు. మరుసటి యేడు ఏప్రిల్ 6వ తేదీన ఆ పట్టణముపై జపానువారి బాంబులు పడినవి. యుద్ధము ముగిసి, దేశము స్వతంత్రమై, 1948 మార్చి 14వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు జలఉషను నీటిలోనికి విడిచిరి. 1952లో ఆ నిర్మాణశాల హిందూస్థాన్ షిప్‌యార్డ్ అయ్యెను. మనవారు ఓడలు కట్టజాలరన్న మాటకు ఉక్కుతో చెప్పిన ప్రత్యుత్తరము గనుక ఆ ఓడను ఎన్నుకొంటిని.

పని ప్రారంభించిన దినముననే నా చదువు యొక్క లోపము బయటపడినది. ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను. రంపము తిన్నగా పట్టుకొన నెరుగను. వీధిచివర వడ్రంగి వద్దకు పోయి, చిత్రిక పట్టుట నేర్పుమంటిని. "పంతులుగారూ, మీకెందుకీ పని?" అని ఆయన నవ్వి, పిదప నా చేతిలోని ఉలిని సరిగా త్రిప్పి పట్టించెను. కొయ్య పొరను చూచి ఎటు చెక్కిన చీలదో ఆయన చెప్పగలడు. నేను ఇరువది పుస్తకములు చదివియు చెప్పలేను. చేతిపని చేయువారిని తక్కువగా చూచి, చేతిపని యెరుగకుండుటను గౌరవముగా నెంచుకొన్న విద్య మనది. 1895లో గుర్రము జాషువ మహాకవి పుట్టిన యూరు మాది. మనుష్యుని పుట్టుకను బట్టి విలువ కట్టుట యెంత యన్యాయమో లోకమునకు చెప్పినవాని యూర నుండియు, ఉలి పట్టినవాని యెదుట శిష్యుడనై కూర్చుండుటకు నాకు అరువదియేండ్లు పట్టినది.

ఓడ అడుగుదూలము టేకుతో చేసితిని. పటములోని అడ్డుకోతలను కాగితముపై నెత్తి, పలుచని పలకలపై నంటించి కోసి, పక్కటెముకలుగా నిలిపితిని. వానిపై సన్నని బద్దలను ఆవిరిలో మెత్తపరచి వంచి అతికితిని. పైగదులకు కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి కొయ్య వాడితిని. అయిదున్నర యడుగుల మనుష్యుడు ఈ ప్రమాణమున అంగుళములో మూడింట రెండు పాళ్ళుండును. మెట్లు, కమ్ములు, తలుపులు అన్నియు ఆ మనుష్యునికి తగియుండవలెను. ఒక మెట్టు నూలుపోగంత హెచ్చినను వాడెక్కలేడు.

ఇట్లుండగా ఒక ధర్మసందేహము కలిగినది. నాకు దొరికిన ఛాయాచిత్రములన్నియు ఓడను కుడిప్రక్కనుండి చూపునవే. ఎడమప్రక్కన కొంతభాగము పటములోను స్పష్టముగా లేదు. ఓడకు రెండు ప్రక్కలును సమానముగా నుండును గనుక ఒకదానిని బట్టి రెండవదానిని చాలవరకు ఊహింపవచ్చును. కుడివైపు చుక్కాని గదికి కిటికీ యున్నపుడు ఎడమవైపున లేదనుకొన నక్కరలేదు. ఇది అనుమానప్రమాణము, పొగను చూచి నిప్పును తెలిసికొనుట వంటిది. కాని సమానముగా నుండుటకు కారణము లేనివియు కొన్ని యుండును. ఒక చిన్నగొట్టము ఎక్కడ నుండెనో, ఒక పెట్టె ఏమూల నుండెనో ఏ హేతువును చెప్పదు. అచట నాకు నచ్చినట్లు అమర్చినయెడల చూచువాడు నిజమని నమ్మును. నూరు నిజముల నడుమ నుంచిన కల్పన ఆ నూరింటి గౌరవమును దొంగిలించును.

కావున అట్టి చోట్ల కొయ్యను రంగు వేయక, నున్నచేసి, ఉత్తదిగా విడిచితిని. "పని పూర్తి కాలేదేమి?" అని యడిగినవారికి, "తెలియనిదానిని తెలిసినట్లు చూపరాదు" అని చెప్పుచుంటిని. ఈ మాట చెప్పునపుడెల్ల నాకు లోలోపల సంతోషము కలుగుచుండెను. ఆ సంతోషమున కొంత గర్వము గూడ కలదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

మా యూరి పాఠశాలలో ఒక ప్రదర్శనము జరిగినప్పుడు ఓడను అచట నుంచిరి. క్రింద ఇత్తడిరేకుపై ఓడ పేరు, నీటిలోనికి విడిచిన తేది, ప్రమాణము, వానిక్రింద "నిర్మాత" అని నా పేరు చెక్కించితిని. తొమ్మిదేండ్ల నా మనుమరాలు రేకును కూడబలుకుకొని చదివి, "తాతయ్యా, తాళ్ళన్నీ అమ్మమ్మ చేసింది కదా! అమ్మమ్మ పేరేదీ?" అనెను.

నిజమే. ఓడస్తంభములకును, సరకులెత్తు దూలములకును కట్టిన త్రాళ్ళు మొదలు తుదివరకు నా భార్య పనియే. అంగుళము మందముగల త్రాడు ఈ ప్రమాణమున అంగుళములో నూరవవంతు మందముండవలెను. అంగడిలో దొరకిన దారము నూగుతో నుండి, పెద్ద త్రాటికి పెద్దదిగాను చిన్నత్రాటికి చిన్నదిగాను అమరలేదు. నేను విసిగి విడిచిన పనిని ఆమె చేతికి తీసికొని, నూలును పేటలుగా విడదీసి, ఇక్కడ రెండు పేటలు, అక్కడ మూడు పేటలు కలిపి, పురిపెట్టి, మైనముతో నూగు అణచి సిద్ధపరచెను. వంట ముగించి, మధ్యాహ్నపు వెలుతురుండగా, రెండు వేసవులు చేసెను. ఈ వివరమంతయు నేను నా లెక్కలపుస్తకములో వ్రాసికొనియున్నాను, త్రాళ్ళ మందములతో సహా. ఆమె పేరు మాత్రము ఆ పుస్తకములో లేదు.

మనుమరాలికి అప్పుడు చెప్పిన సమాధానములను దాచను. పటము నాది, ఆలోచన నాది అంటిని. అట్లైన జలఉషయు పటము గీసినవానిదే కావలెను, నేనెవ్వరిని? ఇంటిలో ఒకరి పేరున్న అందరి పేరు నున్నట్లే అంటిని. అట్లైన ఆమె పేరు చెక్కించి నాది విడువవచ్చును గదా. ఆ యాలోచన నాకేల రాలేదు? తుదకు, "మీ అమ్మమ్మ అడగలేదమ్మా" అంటిని. నా భార్యయు, "నా పేరెందుకులెండి" అనెను. అంతటితో విషయము ముగిసినట్లు నలుగురును నవ్విరి. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన కోస్తాయందలి మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. పూర్వరాజులు తుపానువలన దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను న్యాయమైన సుంకముమాత్రమే తీసికొని తక్కినది వర్తకులకే విడుతుననియు ఆ రాజు ప్రకటించెను. సరకు మన యొడ్డునకు వచ్చినది, అడుగువాడు లేడు, కావున మనది: ఇది పూర్వరాజుల న్యాయము. భార్య కష్టము మన యింటి యొడ్డునకే చేరినది, ఆమె అడుగలేదు, కావున మనది: ఇది నా న్యాయము. రెంటికిని భేదమేమో ఎంత వెదకినను కనబడలేదు. అడుగకుండుట సమ్మతి కాదు. అడిగిన ఏమగునో చిన్ననాటనే నేర్చుకొన్నవారు అడుగరు. కోరవద్దని నేర్పి, కోరలేదని లాభము పొందుట మన గృహములలో ఎంత సాధారణమో, సోదరీమణులకు నేను చెప్ప నక్కరలేదు.

దీనికొక ఆక్షేపణ కలదు. పనిలో చేయిపెట్టిన ప్రతివారి పేరును వ్రాయ సాధ్యమా? జలఉషయనగానే నెహ్రూగారి పేరు, వాల్‌చంద్‌గారి పేరు చెప్పుకొందుము. ఇనుపరేకులను అతికిన పనివారి పేర్లు మనకు తెలియవు. నెపోలియను కాలపు యుద్ధములలో ఇంగ్లండున చెరబడిన ఫ్రెంచి ఖైదీలు తమకు పెట్టిన మాంసములోని యెముకలను దాచి, చెక్కి, అద్భుతమైన ఓడప్రతిమలు చేసి అమ్ముకొనిరి. వానిలో చాలవాటి నిర్మాతలెవరో నేడు చెప్పలేము. నిజము. కాని తెలియనిచోట మౌనము వహించుట వేరు, తెలిసినదానిని తొలగించుట వేరు. ఓడ యెడమప్రక్కన ఉత్తకొయ్యను విడిచినపుడు ఈ భేదమునే గదా నేను లోకమునకు బోధించుచుంటిని! తెలియనిదానిని కల్పించుట అసత్యమైనచో, తెలిసినదానిని చెరపుట సత్యమెట్లగును? కనబడని గొట్టము విషయమున అంత నిష్ఠ పాటించినవాడను, కన్నులయెదుట కూర్చుండి పురిపెట్టిన మనిషి విషయమున దానిని పాటింపనైతిని. వస్తువునకు చూపిన నిజాయితీ మనుష్యునికి చూపలేదు. వస్తువునకు చూపుట సులభము. దానివలన మన పేరు తగ్గదు.

ఇప్పుడు నా బంధువు ప్రశ్నకు సమాధానము చెప్పగలను. ఈ ఓడ నీటిలో తేలదు, సరకు మోయదు. కాని సత్యము చెప్పు నలవాటును చేతికి నేర్పును. ఆ యలవాటు గాజుపెట్టె దాటి యింటిలోనికి రానియెడల, నాలుగేండ్లును వ్యర్థమే; అతని లెక్కయే సరి.

ఇత్తడిరేకును మార్పించితిని. కొయ్యపని నాదనియు, త్రాళ్ళపని ఆమెదనియు ఇద్దరి పేర్లను సమానమైన అక్షరములతో చెక్కించి, చిత్రిక నేర్పిన వడ్రంగి పేరును క్రింద చేర్చితిని. ఆయన వచ్చి చూచుకొని, మారుమాటాడక, పెట్టె మూల కొంచెము ఎగుడుగా నున్నదని తన ఉలితో సరిచేసి పోయెను. నా భార్య కండ్లజోడు పెట్టుకొని రేకును చదివెను. పిదప ఓడను చాలసేపు చూచెను. వెనుక స్తంభమువద్ద వ్రేలు చూపి, "ఏమండీ, ఈ ఒక్క తాడు నేను కట్టింది కాదు. నేను ఊళ్ళో లేనప్పుడు మీరు కట్టారు. ముడి వదులుగా ఉంది" అనెను.

పోయి చూడగా నిజముగానే వదులుగా నుండెను. ఆ త్రాడును విప్పి ఆమె చేతికిచ్చితిని.