ఆమె పేరు కొట్టించిన డబ్బా

చదవండి: అపొస్తలుల కార్యములు 9:36–42

ఎన్ని అంతస్తుల పైకి వచ్చి కాపురం పెట్టినా ఊరి అలవాటు ఒకటి మనల్ని వదల్లేదు. ఎవరైనా పచ్చడో పులిహోరో పంపితే ఆ డబ్బా ఖాళీగా తిరిగి పంపం. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తాం. తెల్లాపూర్‌లో ఏ టవర్‌లో ఎవరి వంటింట్లోకి తొంగిచూసినా పైఅరలో పక్కవాళ్ల డబ్బాలు ఒకటో రెండో కనిపిస్తాయి.

మీ అరలో ఉన్న డబ్బా సంగతి వేరు. దాన్ని పంపిన మనిషి ఇప్పుడు లేదు. భూస్థాపన అయింది, ఆదరణ కూడిక అయింది, వచ్చినవాళ్లు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. సోమవారం మీరు మళ్లీ క్యాబ్ ఎక్కారు. పొద్దున కాల్‌లో ఎవరో వీకెండ్ ఎలా గడిచిందని అడిగితే "బాగానే" అన్నారు. ఇంటికొచ్చి గిన్నెలు సర్దుతుంటే ఆ డబ్బా చేతికి తగిలింది. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆమె పేరు. ఎంత తోమినా మూతకి ఇంకా ఆవకాయ వాసనే.

అయినవాళ్లంతా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటే ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి పడ్డవాళ్లం. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం కాస్తే మీరు తట్టింది ఆమె తలుపే. అలాంటి మనిషి పోతే ఆఫీసులో సెలవు అడగడానికి ఒక వరస కూడా ఉండదు. ఏమవుతారని అడిగితే "ఫ్రెండ్" అనాలి. ఆ మాటకి సెలవు రాదు.

అందుకే ఇవ్వాళ మీరు ఇంతగా అలసిపోయారేమో. కాసేపు కూర్చోండి. ప్రభువుకి వరస చెప్పుకోనక్కర్లేదు. ఆమె మీకేమవుతుందో ఆయనకి తెలుసు.

ఇవ్వాళ చదివిన భాగంలో, యొప్పే పట్టణంలో దొర్కా జబ్బుచేసి చనిపోయింది. పేతురు లుద్ద నుంచి వచ్చి మేడగదిలోకి అడుగుపెట్టగానే విధవరాండ్రు ఆయన చుట్టూ నిలబడి ఏడ్చారు. ఆమె ఎంత గొప్పదో వివరించలేదు. తమతో ఉన్న రోజుల్లో ఆమె కుట్టిన అంగీలు, బట్టలు తెచ్చి చూపించారు. లూకా కూడా ఆమె చేసిన మంచి పనులు, ధర్మాలు, కుట్టిన బట్టల గురించే రాశాడు. ఇల్లెంత, స్థలమెంత అన్న ఊసే లేదు. తెల్లాపూర్‌లో కూర్చుని చదివేవాళ్లకి ఇది కాస్త గట్టిగానే తగలాలి. ఇక్కడ నలుగురం కలిస్తే చదరపు అడుగు ఎంత పలుకుతోందన్న మాటే కదా!

మీ అరలోని డబ్బా ఆ అంగీలాంటిదే. దాన్ని చూసినప్పుడు కళ్లు నిండితే నిండనివ్వండి.

"ప్రభువు పిలుచుకున్నాడు, ఏడవకూడదు" అని కూడికలో ఎవరో ఒకరు అంటారు. మంచి మనసుతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. లాజరు సమాధి దగ్గర మన ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఇంకాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా. మీ కన్నీళ్లు విశ్వాసం చాలక వచ్చాయని ఎవరు చెప్పారు మీకు?

మరి పేతురు ప్రార్థిస్తే దొర్కాను లేపిన ప్రభువు ఈమెను ఎందుకు లేపలేదు? మనం ఐసీయూ బయట మోకరించలేదా? ఈ ప్రశ్న ఆయన్నే అడగండి, కోప్పడడు. నా దగ్గర జవాబు లేదు. ఇంతమటుకు తెలుసు: దొర్కా, లాజరు కూడా తర్వాత ఎప్పుడో మళ్లీ కన్నుమూసినవాళ్లే. వాళ్లకైనా మనకైనా అసలు నిరీక్షణ, ఇక చావులేని ఆ పునరుత్థానమే. అప్పటిదాకా ఆమె ఆయన చేతుల్లో భద్రం.

మరి ఆమె స్నేహితులుగా మనం చేయగలిగిందేమిటి? ఒకరి కథ గుర్తొస్తోంది. లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాకినాడ వెళ్లేవాళ్లు రాత్రి నిద్రలో డోర్నకల్ దాటేస్తారు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడే తెలుగువాళ్ల మధ్య సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో లేచి నిలబడి దొరల ముఖం మీదే ఒకటి అడిగారు. మీ త్యాగాలకు మేం రుణపడి ఉంటాం, కానీ మాకు కావలసింది స్నేహితులు అని ఆయన మాటల సారాంశం. వచ్చిన దొరల్లో కొందరికి అది రుచించలేదు.

అదే అజరయ్య, వేరువేరు సంఘాలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచి పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఆయన చూడలేదు. తోటివాళ్లు, స్నేహితులు ఆ పని మధ్యలో వదిలిపెట్టలేదు, అంతే. అందులో భాగమైన మెదక్ అధ్యక్ష మండలంలోని సంఘానికి ఆదివారం ఆదివారం వెళ్లి కూర్చునే మనం ఆ ఫలమే అనుభవిస్తున్నాం.

మీ స్నేహితురాలు సగంలో వదిలి వెళ్లిన పని ఏదైనా ఉందా? పెద్దదే కానక్కర్లేదు. వాచ్‌మన్ కూతురికి సాయంత్రాలు లెక్కలు చెప్పేదేమో. నాలుగో అంతస్తు మామ్మగారిని ఆదివారం కార్లో ఆరాధనకి తీసుకెళ్లేదేమో. అన్నీ నెత్తిన వేసుకోకండి, ఇప్పటికే అలసి ఉన్నారు. ఒక్కటి తీసుకోండి. మామ్మగారికి ఇవ్వాళే ఫోన్ చేసి, "ఆదివారం తొమ్మిదింటికి కిందికి రండి, నేను తీసుకెళ్తాను" అని చెప్పండి.

ఇంకొకటి. నలభై రోజులు దాటాక మీ స్నేహితురాలి ఇంటికి వెళ్లేవాళ్లు తగ్గిపోతారు. మీరు అప్పుడు వెళ్లండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే పిల్లల పక్కన కూర్చుని హోంవర్క్ చేయించండి. వాళ్లమ్మ సంగతులు వాళ్లు అడిగితే మాట మార్చకండి. మీకు తెలిసినవి, నవ్వొచ్చేవి కూడా చెప్పండి.

రాత్రి పడుకోబోయేముందు ఈ నాలుగు మాటలు చాలు:

ప్రభువా, ఆమెను మాకు ఇన్నాళ్లు ఇచ్చినందుకు వందనాలు. ఆమె భర్తకి ఈ రాత్రి నిద్ర పట్టించు. పొద్దున బడికి వెళ్లేటప్పుడు పిల్లలకి ధైర్యమివ్వు. ఆదివారం మామ్మగారి గుమ్మం ముందు నేను గట్టిగా నిలబడేలా చూడు. అక్కడ ఏడుపొస్తే ఇద్దరం కలిసి ఏడుస్తాం, నువ్వు మాతో ఉండు. యేసు నామంలో, ఆమేన్.