పాత నాణెము ఎవరి సొత్తు?

నాణెము చేతినుండి చేతికిఁ బోవుటకై పుట్టినది. దానిని పెట్టెలోఁ బెట్టి తాళము వేయువాఁడు లోభియా, రక్షకుఁడా?

పాత బంగారు నాణెములను గూర్చుకొనుట చదువుకొన్నవారిలోఁ బలువురకుఁ బ్రియమైన వ్యాపకము. ఇంగ్లండు రాజగు మూఁడవ ఎడ్వర్డు 1344లో ముద్రింపించిన నోబిలు నాణెముపై రాజు ఓడలో నిలిచియుండును. దానికై ధనవంతులు వేలములోఁ బోటీపడుదురు. మన కళింగమునేలిన తూర్పు గాంగుల పణములు చింతగింజకంటెఁ జిన్నవి. ఒకవైపు నంది, వేఱొకవైపు రాజ్యసంవత్సరపు అంకె. వీనిని వలచుటలోఁ దప్పు లేదు. తప్పున్నచో సంపాదించు మార్గమందే యుండును.

విశాఖపట్టణమునకుఁ జేరువనున్న తొట్లకొండపై 1988 మొదలు 1993 వఱకు త్రవ్వకములు జరిగెను. బౌద్ధవిహారపు శిథిలములలో శాతవాహనుల సీసపు నాణెములును, రోమకుల వెండి నాణెములును దొరకెను. కంసాలి త్రాసులో వాని వెల స్వల్పము. అయినను, భిక్షువులు వసించిన యా మట్టిలోనే దొరకుటచేత, కడలి కావలి వర్తకమునకును ఈ కొండకును గల సంబంధమునకు అవి సాక్ష్యము పలుకుచున్నవి. ఎవఁడేని దొంగచాటుగఁ ద్రవ్వి, ఊరు పేరు చెప్పక అమ్మియుండినచో ఆ సాక్షుల నోరు నొక్కినట్లే కదా!

1878 నాఁటి నిక్షేపముల చట్టము పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినవాఁడు కలెక్టరునకుఁ దెలుపవలెనని విధించెను. ప్రభుత్వము దానిని గైకొనినచో లోహపు వెలయు, అందైదవవంతు అదనమును ఇయ్యవలెనని చెప్పెను. రహస్యముగఁ గొనువాఁడు అంతకుఁ బెక్కురెట్లు చూపఁగా, నాఁగలికి బిందె తగిలిన పేదవాఁడు ఏ త్రోవ పట్టును? వానిని నిందించుట సులభము. కాని వానికి ఆఁకలి కలదు. కొను పెద్దమనుష్యునకేమి కలదు? అడుగక కొనువాఁడే దాఁచువానిని పుట్టించుచున్నాఁడు. చరిత్రను ప్రేమింతునని చెప్పుచు, దాని మూలమును ద్రెంచువాని ప్రేమ ఎట్టిది?

గృహస్థులారా! మీ యింట ముత్తవ్వ కాసులపేరు ఉన్నచో, కరఁగింపకముందు ఒక్కొక్క కాసును పరికింపుఁడు. ఎవరినుండి, ఏ యూరినుండి వచ్చినదో పెద్దల నడిగి చీటిపై వ్రాసి జతపఱుపుఁడు. క్రొత్తగాఁ గొనఁదలఁచినచో “ఇది యెచ్చటఁ దొరకినది?” అని ముందుగ నడుగుఁడు. బదులు రానిచోఁ గొనకుఁడు. అట్లు మెలఁగువాఁడు రక్షకుఁడు. తక్కినవాని పెట్టె యెంత యందమైనదైనను, అది లోభి పెట్టెయే.