రెండు కొండల మధ్య సూర్యుడు

2021 వేసవి లాక్‌డౌన్‌లో, హైదరాబాద్‌లోని ఒక బస్తీ పిల్లలకి ప్రతి శనివారం సాయంత్రం జూమ్‌లో బొమ్మలు నేర్పేదాన్ని. పదకొండు మంది పిల్లలు, నాలుగు ఫోన్లు. నాన్న ఇంటికొస్తే క్లాసు మొదలు, ఆయనకి కాల్ వస్తే క్లాసు బంద్.

మొదటి వారం "మీ ఇల్లు గీయండి" అన్నాను. దాదాపు అందరూ ఒకే బొమ్మ గీశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు. ఆ బస్తీలో ఏరూ లేదు, కొబ్బరిచెట్టూ లేదు. నాకు నీరసం వచ్చింది. "ఇది కాదురా, మీ చుట్టూ నిజంగా ఉన్నది గీయండి" అన్నాను.

తర్వాతి వారం ఏడో తరగతి అమ్మాయి ఒకతె నీళ్ల ట్యాంకర్ గీసింది. వరసగా డ్రమ్ములు, బిందెలు, పైపు కోసం ఎగబడే చేతులు. మనుషులకి మొహాల్లేవు, చేతులే. చాలా మంచి బొమ్మ. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే, గంటలో అందరికీ రంగులు కొనేంత డబ్బు వచ్చింది. ఆ ఉత్సాహంలో "ఇట్లాంటిదే ఇంకోటి గీస్తావా?" అని అడిగాను.

"మా ఇల్లు మాకెర్కే కదా అక్కా. మళ్ల గీసుడెందుకు?" అంది.

ఆదివారాలు నేను అపార్ట్‌మెంట్ పిల్లలకి ఫీజు తీసుకుని నేర్పుతాను. వాళ్లకి షేడింగ్, పర్‌స్పెక్టివ్ చెప్తాను. మీ ఇంట్లో గొడవలు గీయండని ఒక్కరినీ అడగలేదు. వాళ్లకి విద్య ఇస్తూ, వీళ్ల దగ్గర సాక్ష్యం అడుగుతున్నానన్నమాట. పేదపిల్ల బొమ్మలో పేదరికం కనపడకపోతే అది నిజం కాదని ఎవరు తేల్చారు?

బౌహౌస్‌లో చదివిన చిత్రకారిణి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ గుర్తొచ్చింది. నాజీలు బంధించిన టెరెజిన్‌లో ఆవిడ పిల్లలకి గీతలో లయ, కొలాజ్, పాత చిత్రాలు చూసి వేయడం నేర్పింది. 1944లో ఆవిడని ఆష్విట్జ్‌లో చంపేశారు. రెండు సూట్‌కేసుల్లో మిగిలిన సుమారు 4,500 బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో శిబిరం ఉంది. పూలకుండీలు, పచ్చికబయళ్లు కూడా ఉన్నాయి. బస్తీకీ ఆ నరకానికీ పోలిక పెట్టట్లేదు. ఏం గీయాలన్నది పిల్లల ఇష్టమైతే, ఎలా గీయాలన్నదే టీచర్ ఇవ్వగలిగింది అని మాత్రం అనిపించింది.

నిజమే, ఆ రెండు కొండలూ పిల్లల సొంత ఊహేం కాదు, ఎక్కడో చూసి నేర్చుకున్నవే. వాటిని దాటించడం టీచర్ పనే. కానీ "ఇది కాదు" అని కొట్టేస్తే పిల్లలు వాటిని దాటరు. నాకేం నచ్చుతుందో కనిపెట్టి అది గీస్తారు. ట్యాంకర్ కూడా అలాగే వచ్చిందేమోనని ఇప్పటికీ నా అనుమానం.

ఆ తర్వాతి శనివారం ఆమెనే అడిగాను, ఏం నేర్చుకుంటావని.

"కొండలు దూరంగున్నట్టు ఎట్ల గీయాలె అక్కా?"

దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి, దుమ్ము ఎక్కువై ఆకుపచ్చ పలచబడుతుందని, నీలంలోకి తిరుగుతుందని చెప్పాను. నీలం క్రేయాన్ మెల్లగా రుద్ది, పైన తెలుపు రుద్దమన్నాను. మూడోసారికి ఒక కొండ నిజంగానే వెనక్కి జరిగింది.

"రెండిట్లో ఏది గ్రూపులో పెట్టమంటావ్?" అని ఈసారి అడిగే పెట్టాను.

"కొండలది పెట్టక్కా."

పెట్టాను. డబ్బులేం రాలేదు.